ట్రాక్ గేటు దాటాక పాలసీ మన వెంట వస్తుందా?

బండి – బీమా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్కారం అండి. నాకు 27 ఏళ్లు. గచ్చిబౌలిలో ఉద్యోగం, ఉండేది నిజాంపేటలో. మాకు టర్బో పెట్రోల్ సెడాన్ ఉంది. ఈఎంఐ నేనే కడుతున్నాను కానీ రిజిస్ట్రేషన్, పాలసీ నాన్నగారి పేరు మీద ఉన్నాయి. ఆయన పాత కారు మీద 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది, అది పోకూడదని అలా చేశాం. వచ్చే నెల ఫ్రెండ్స్‌తో కలిసి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ డేకి వెళ్దామనుకుంటున్నాను. రేసు కాదు. విడతలవారీగా ట్రాక్ మీద మన కారు మనం తోలుకోవడమే. అక్కడ ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వస్తుందా? కారులో కనెక్టెడ్ యాప్ ఉంది, స్పీడు, లొకేషన్ అన్నీ రికార్డవుతాయి. డిస్కౌంట్ వస్తుందని పాలసీతో పాటు డ్రైవింగ్ స్కోరు యాప్ కూడా తీసుకున్నాం. ఇవన్నీ ఇన్సూరెన్స్ కంపెనీకి తెలిసిపోతాయా? ఒక ఫ్రెండేమో "సిమ్ పీకేయ్, ఏమన్నా అయితే హైవే మీద అయిందని రాసెయ్" అంటున్నాడు. నా పేరు వేయకండి, నాన్న ఈ పత్రిక చదువుతారు.
– ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: మీ ఫ్రెండు సలహాతోనే మొదలుపెడతాను. ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ మాటే. ట్రాక్‌కి వెళ్లాలనుకోవడంలో తప్పేమీ లేదు. వేగం మీద సరదా ఉన్న పిల్లలు అర్ధరాత్రి రాయదుర్గం రోడ్ల మీదా ఓఆర్‌ఆర్ మీదా ఆ సరదా తీర్చుకునే కన్నా, ఎదురు బండి రాని చోట, మార్షల్స్, అంబులెన్సు ఉన్న చోట తీర్చుకోవడం వెయ్యి రెట్లు నయం. పబ్లిక్ రోడ్డు మీద పందెం వేస్తే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. చట్టం మాట అలా ఉంచినా, రోడ్డు మీద పోయేది మన ప్రాణం ఒక్కటే కాదు కదా.

కానీ "హైవే మీద అయిందని రాసెయ్" అన్నది మాత్రం వద్దు. నేను 26 ఏళ్లు మోటారు క్లెయిమ్స్‌లో పనిచేశాను. ఒకసారి మూసాపేటలో ఒక షెడ్డుకి కారు చూడ్డానికి వెళ్లాను. ఎల్బీనగర్ దాటాక కుక్క అడ్డొస్తే తప్పించబోయి డివైడర్‌కి కొట్టినట్టు క్లెయిమ్ ఫారంలో ఉంది. కారు దగ్గరికి వెళ్లగానే ముందు బంపర్‌లో టోయింగ్ హుక్ బిగించి కనబడింది. రోడ్డు మీద తిరిగే కారులో ఆ హుక్కు డిక్కీలో జాకీ పక్కన ఉంటుంది, ఎవరూ బిగించుకుని తిరగరు. వంగి టైర్లు చూశాను. అంచుల నిండా రబ్బరు ముద్దలు, పిల్లలు పెన్సిల్ రాత చెరిపినప్పుడు రాలే పొట్టులాగా అంటుకుని ఉన్నాయి. హెడ్‌లైట్ల మీద అడ్డంగా టేపు జిగురు చారలు. కారు లిఫ్ట్ ఎక్కించి కింద ప్లాస్టిక్ షీల్డు విప్పిస్తే గుప్పెడు కంకర జలజలా రాలింది. డివైడర్‌కి కొట్టిన కారులో అంత కంకర ఎక్కడిది? ట్రాక్ మలుపుల బయట, అదుపు తప్పిన బండి ఆగడానికి పోసే కంకర అది. ఇంత చూడ్డానికి నాకు ఏ యాప్ డేటా అవసరం రాలేదు. తర్వాత అడిగి తెప్పించుకున్న ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో నెల్లూరు వైపు టోల్ గేట్లు, టైములతో సహా ఉన్నాయి.

కారు ఆ అబ్బాయి వాళ్లమ్మగారి పేరు మీద ఉంది. ఫారం మీద సంతకం ఆవిడది. వివరణకి పిలిస్తే చేతిలో లంచ్ బాక్సుతో, స్కూలు డ్యూటీ మధ్యలో వచ్చారు. కారు తమిళనాడు వెళ్లిందని ఆవిడకి తెలిసింది నా టేబుల్ దగ్గరే. కాగితం వంక చూస్తూ, "ఇది నా సంతకమేనండీ, కానీ నేను రాయలేదు" అన్నారు. తప్పుడు వివరం ఇచ్చారన్న కారణంతోనే క్లెయిమ్ పోయింది. జరిగింది జరిగినట్టు రాసి ఉంటే కనీసం వాదించుకోవడానికి చోటుండేది. అబద్ధం రాశాక ఆ చోటు కూడా మిగల్లేదు.

ఇక మీ అసలు ప్రశ్న. మీ పాలసీ సర్టిఫికెట్ తీసి 'లిమిటేషన్స్ యాజ్ టు యూజ్' అన్న పేరా చదవండి. అద్దెకు తిప్పడం లాంటివాటితో పాటు ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్ (ముందు నడుస్తూ మిగతా బండ్లకి వేగం చూపించడం), స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్ (బండి ఎంత తట్టుకుంటుందో చూసే పరుగులు) అని వరసగా ఉంటాయి. వీటికి కారు వాడితే కవరేజి లేదని అర్థం. 2002 నాటి ఇండియన్ మోటార్ టారిఫ్ నుంచి వస్తున్న మాటలివి, కంపెనీ మారినా ఇంచుమించు అవే కనబడతాయి. జీరో డిప్రిసియేషన్, ఇంజిన్ ప్రొటెక్ట్ ఉన్నాయి కదా అనుకోకండి. ఆ యాడ్-ఆన్లన్నీ అసలు పాలసీ మీద నిలబడేవే. పునాది లేనిచోట పై అంతస్తు ఉండదు.

"నేను రేసులో లేనుగా" అని మీరు అనొచ్చు. ఆ వాదనలో కొంత బలం ఉంది. పోటీ లేదు, బహుమతి లేదు, ముందున్న బండివాళ్లు సైగ చేసి దారివ్వకుండా ఓవర్‌టేక్ చేయనివ్వని ట్రాక్ డేలూ ఉంటాయి. పాలసీలో మాట రెండు రకాలుగా అర్థమైతే దాన్ని రాసిన కంపెనీకి వ్యతిరేకంగా చదవాలన్న సూత్రం కూడా కోర్టుల్లో ఉంది. కానీ మీ కారుకి ల్యాప్ టైమర్ పెట్టి, మొదటి ల్యాప్ కన్నా పదో ల్యాప్ ఎన్ని సెకన్లు తగ్గిందో చూసుకున్నారంటే అది స్పీడ్ టెస్టింగ్ కాదని చెప్పడం కష్టం. టైమర్ లేకుండా ట్రాక్ డే నుంచి వచ్చినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. 2010లో సుప్రీంకోర్టు అమలేందు సాహూ కేసులో, సొంత వాడకానికి పాలసీ తీసుకున్న కారును అద్దెకు వాడారన్న కారణంగా మొత్తం క్లెయిమ్ తోసిపుచ్చడం సరికాదంది, కొంత డబ్బు ఇప్పించింది. ట్రాక్ డేకి కూడా అదే వర్తిస్తుందని మీకు ఎవరైనా చెబితే నమ్మి వెళ్లకండి. అది అద్దె కేసు. మీది వేగం.

వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటుంది. ఏజెంటుకి ఫోన్ చేసి "పర్లేదు సార్" అనిపించుకుంటే దానికి విలువ లేదు. కంపెనీకి మెయిల్ పెట్టండి. ఫలానా తేదీన, ఫలానా ట్రాక్‌లో, పోటీ కాని డ్రైవింగ్ సెషన్‌కి ఈ నంబరు కారు తీసుకెళ్తున్నాం, కవరేజి ఉందా, అదనపు ప్రీమియం కడితే ఇస్తారా అని అడగండి. ర్యాలీలకు, రిలయబిలిటీ ట్రయల్స్‌కి ఐఎంటీ-31 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు కాగితం) ఉంది కానీ అది కూడా రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ జోలికి పోదు. అమెరికా, బ్రిటన్‌లలో ఒక్క రోజుకి విడిగా ట్రాక్ డే పాలసీ కొనుక్కోవచ్చు. మన దగ్గర మాత్రం "లేదు" అన్న జవాబు వస్తుందనుకునే లెక్క వేసుకోండి. అప్పుడు ప్రశ్న మారుతుంది: కారు మొత్తం పోతే ఆ డబ్బు మీ జేబులోంచి పెట్టగలరా? లోను ఇంకా ఎంతుంది? కారు ఉన్నా లేకపోయినా ఈఎంఐ ఆగదు. ట్రాక్ వాళ్ల గేటు దగ్గర సంతకం పెట్టించుకునే ఇండెమ్నిటీ ఫారం (నష్టానికి బాధ్యత నాదే అని రాసిచ్చే కాగితం) నిలబడి కాక కూర్చుని చదవండి. బ్యారియర్ పాడైతే ఖర్చు ఎవరిదో అందులోనే ఉంటుంది. పెట్టలేననుకుంటే మొదటిసారి ట్రెయినింగ్ స్కూలు వాళ్ల కారులోనే నేర్చుకోండి. అది తక్కువతనం కాదు. పైగా బ్రేకు ఎక్కడ వేయాలో చెప్పేవాళ్లు పక్కన ఉంటారు.

మీ ఒంటి సంగతి కూడా చూసుకోవాలి. పాలసీలో ఉన్న 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్-డ్రైవర్‌కి, అంటే నాన్నగారికి. మీరు నడిపితే అది మీది కాదు. హెల్త్ పాలసీల్లో ప్రమాదకర క్రీడల మినహాయింపుకి ఎక్స్‌క్లూజన్ 09 (Excl09) అన్న కోడ్ ఉంటుంది, అందులో మోటార్ రేసింగ్ పేరు స్పష్టంగా ఉంది. అయితే ఆ మినహాయింపు 'ప్రొఫెషనల్‌గా పాల్గొంటే' అన్న షరతుతో ఉంది, సరదాకి వెళ్లినవారికి అది పెద్ద అండ. ఆఫీసువాళ్ల గ్రూప్ పాలసీలో మాటలు వేరుగా ఉండొచ్చు, హెచ్‌ఆర్‌ని అడిగి అసలు కాగితం తెప్పించుకోండి.

ప్రైవసీ విషయానికి వస్తే, మీ భయం ఉత్త భయం కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లలోని స్మార్ట్ డ్రైవర్ అనే ఫీచర్ నుంచి ఎన్నిసార్లు గట్టిగా బ్రేకు వేశారు, ఎంత వేగంగా వెళ్లారు లాంటి వివరాలు లెక్సిస్‌నెక్సిస్ వంటి డేటా సంస్థల ద్వారా ఇన్సూరెన్స్ కంపెనీలకు చేరాయని 2024 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. చాలామందికి తాము ఎప్పుడు ఒప్పుకున్నారో కూడా తెలియదు. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఐదేళ్లపాటు అలాంటి డేటా ఆ సంస్థలకు ఇవ్వకూడదంటూ చర్యకు దిగింది. మన కార్లలో కూడా యాప్ మొదటిసారి తెరిచినప్పుడు 'ఐ అగ్రీ' నొక్కిన పేజీ ఉంటుంది. ఇవాళ రాత్రే దాన్ని మళ్లీ తెరవండి. 'థర్డ్ పార్టీ' అన్న మాట ఎక్కడుందో వెతికి, ఆ పేరా చదవండి. అక్కర్లేని అనుమతులు ఇప్పుడే తీసేయండి. అది మీ హక్కు, ట్రాక్‌కి వెళ్లినా వెళ్లకపోయినా.

సిమ్ మాత్రం పీకకండి. చాలా కార్లలో అది లోపల అతికి ఉన్న ఇ-సిమ్, తీయాలంటే వైర్లు కెలకాలి. పైగా ప్రమాదమైతే ఎస్‌ఓఎస్ కాల్ వెళ్లేది దాని మీదే. ఇక్కణ్నుంచి ఇరుంగాట్టుకోట్టై 600 కిలోమీటర్ల పైమాట. పెద్ద అంబర్‌పేట దగ్గర ఓఆర్‌ఆర్ దిగి, నార్కట్‌పల్లి, అద్దంకి, నెల్లూరు మీదుగా రాత్రంతా తోలతారు. ట్రాక్ మీద కన్నా ఆ దారిలోనే మీకు దాని అవసరం ఎక్కువ.

ఇంకోటి. కారు జ్ఞాపకం సిమ్‌లో లేదు. గట్టిగా గుద్దుకుని ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దాని కంట్రోల్ యూనిట్‌లో చివరి కొన్ని సెకన్ల వేగం, బ్రేకు, యాక్సిలరేటరు, బెల్టు వివరాలు నిలిచిపోయే కార్లున్నాయి. ఇంజిన్ కంప్యూటర్‌లో లోపాల కోడ్‌లు, కొన్ని కార్లలో ఇంజిన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) హద్దు దాటిన లెక్క కూడా ఉంటాయి. వారంటీకి తీసుకెళ్తే సర్వీస్ సెంటర్ స్కానర్ పెట్టి చదువుతుంది. వారంటీ బుక్‌లో రేసింగ్, పోటీల వాడకం గురించి ఏం రాశారో అదీ చూసుకోండి.

డ్రైవింగ్ స్కోరు యాప్ వేరే కథ. 2022 జులైలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 'పే హౌ యూ డ్రైవ్' యాడ్-ఆన్లకు అనుమతిచ్చింది. ఎలా నడుపుతారో చూపిస్తే ప్రీమియం తగ్గిస్తామన్నది ఒప్పందం. అక్కడ డేటా ఎవరూ దొంగిలించడం లేదు, డిస్కౌంట్ కోసం మనమే ఇచ్చాం. ఆ ఒక్కరోజు ఫోన్ ఆపేస్తే సరిపోతుందనుకోవద్దు, షరతుల్లో దాని గురించీ ఉంటుంది. ట్రాక్ డేలకు తరచూ వెళ్లాలనే ఉంటే రెన్యువల్‌లో ఆ యాడ్-ఆన్ మానేయండి. మీకూ కంపెనీకీ కూడా శుభ్రం.

చివరగా నాన్నగారు. మీ కారు యాప్‌లో ఓవర్‌స్పీడ్ అలర్ట్ ఎవరి ఫోన్‌కి వెళ్తుందో చూసుకున్నారా? రిజిస్టర్ అయిన నంబరు ఆయనదైతే మీరు రెండో మలుపు తిరిగేలోపు ఆయనకి మోగుతుంది. కానీ నేను చెప్పేది అలర్ట్ గురించి కాదు బాబూ. ఏదైనా అయితే క్లెయిమ్ ఫారం మీద సంతకం పెట్టాల్సింది ఆయన. క్లెయిమ్ తీసుకుంటే పోయే 50 శాతం బోనస్ కూడా ఆయనది. అయిదేళ్లు ఒక్క క్లెయిమ్ లేకుండా నడిపితే గానీ రాదు అది. ఇవాళే చెప్పండి. ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకుంటే, వీలైతే ఆయన్నీ తీసుకెళ్లండి, ప్యాడాక్‌లో (ట్రాక్ పక్కన కార్లు నిలిపే చోట) కుర్చీ వేసి కూర్చోబెట్టండి. మీ పేరు వేయలేదు, కానీ ఇది చదివాక ఆయనే అడుగుతారేమో.

ప్రశ్న: మావారు కోయంబత్తూరు దగ్గర ట్రాక్ డేకి వెళ్తే బాబుని తీసుకుని నేనూ వెళ్లాను. అక్కడి ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. మా కారు నంబరు ప్లేటు, ఆరేళ్ల మా బాబు ముఖం స్పష్టంగా కనబడుతున్నాయి. తీసేయమనొచ్చా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: తప్పకుండా అడగండి, ముందు బాబు ఫోటో గురించి. డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో వచ్చింది. 18 ఏళ్లలోపు పిల్లల డేటాకి తల్లిదండ్రుల అనుమతి కావాలని అందులో ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, సంస్థల మీద ముఖ్యమైన బాధ్యతలు ఆ తర్వాత 18 నెలలకి అమల్లోకి వస్తాయి. అందాకా ఆగనక్కర్లేదు. నిర్వాహకులకూ ఫోటోగ్రాఫర్‌కీ మర్యాదగా, రాతపూర్వకంగా, ఫోటో లింకుతో సహా రాయండి. అయితే మీవారు సంతకం చేసిన ఇండెమ్నిటీ ఫారంలో ఫోటోలు, వీడియోలు ప్రచారానికి వాడుకోవచ్చన్న వాక్యం ఉండొచ్చు, ముందు అది తీసి చూడండి. అది ఆయన ఫోటోకి ఒప్పుకోలు. బిడ్డ ముఖానికి దాన్ని సాగదీయడం నాకు న్యాయంగా అనిపించదు, మీరు ఆ మాటే రాయండి.

నంబరు ప్లేటు విషయంలో అంత టెన్షన్ వద్దు. రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఓనర్ పేరు పూర్తిగా రాదు, కొన్ని అక్షరాలు మరుగు చేసి చూపిస్తుంది. మోడల్, ఆర్టీవో ఆఫీసు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో తెలుస్తాయి. ఇబ్బంది ఎప్పుడంటే నంబరు, మీ పేరు, పిల్లాడి ముఖం, ఏ ఊళ్లో ఉన్నారో ఇవన్నీ ఒకే పోస్టులో కలిసినప్పుడు. ఈసారి వెళ్తే ట్రాక్ లోపలికి వెళ్లాక, నిర్వాహకులు ఒప్పుకుంటే, పెయింటర్లు వాడే మాస్కింగ్ టేపు ప్లేటు మీద అంటించండి. బ్రౌన్ టేపు వద్దు, ఎండకి జిగురు కరిగి ప్లేటుకి పట్టేస్తుంది. గేటు బయటికి రాకముందే పీకేయాలి. రోడ్డు మీద నంబరు కనబడకుండా ఉంటే అది నేరం, పోలీసులు ఆపి కేసు రాస్తారు.

ప్రశ్న: ట్రాక్ డేలకు ఏడాదికి రెండుసార్లు వెళ్తాను. టర్మ్ ఇన్సూరెన్స్ ఫారంలో ప్రమాదకరమైన హాబీలు ఉన్నాయా అని అడిగారు. 'లేవు' అని పెట్టమని ఏజెంటు అంటున్నాడు. ప్రీమియం పెరుగుతుందట.
– ఒక పాఠకుడు, వనస్థలిపురం

జవాబు: 'ఉన్నాయి' అని పెట్టండి, ఏడాదికి రెండుసార్లు, పోటీలు కావు అని పక్కన రాయండి. ఇన్సూరెన్స్ చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీ మొదలైన మూడేళ్ల తర్వాత దాన్ని ప్రశ్నించడానికి లేదు, నిజమే. కానీ ఆ మూడేళ్లలోపే ఏదైనా జరిగితే మీరు పెట్టిన 'లేవు' అన్న టిక్కు గురించి కంపెనీతో పోరాడాల్సింది మీ ఇంట్లోవాళ్లు. యాక్సిడెంట్ రైడర్ (టర్మ్ పాలసీకి జతగా తీసుకునే ప్రమాద కవర్) తీసుకుంటే దాని మినహాయింపుల్లో రేసింగ్ ఉందేమో విడిగా చూడండి, ఆ మినహాయింపు మూడేళ్ల తర్వాత కూడా అలాగే ఉంటుంది. ప్రీమియం మరీ ఎక్కువ అనిపిస్తే ఇంకో రెండు కంపెనీల్లో ఇవే వివరాలతో అడగండి, అందరి లెక్కా ఒకేలా ఉండదు. రేపు ఏ కంపెనీతోనైనా గొడవొస్తే ముందు వాళ్లకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆఫీసు మన లక్డీకాపూల్ దగ్గరే ఉంది. 50 లక్షల లోపు వివాదాలు చూస్తారు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మీరు నింపిన ప్రపోజల్ ఫారం కాపీ మాత్రం దగ్గర పెట్టుకోండి, అక్కడ మొదట అడిగేది అదే.